వగరుకు పెట్టిన కొత్త పేరు

ఈ వ్యాసంలో మేం విమర్శకు తీసుకున్నది కథల పుస్తకం కాదు, కవితా సంపుటి కాదు. ఒక వాక్యం. "అడవి తిండిలో యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలంగా ఉంటాయి" అనే వాక్యం. ఇది ఆదివారం ఆరోగ్య పేజీల్లో ఉంటుంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఉంటుంది. తేనె సీసా మీద, రాగి బిస్కట్ల ప్యాకెట్ మీద, గ్రీన్ టీ డబ్బా మీద ఉంటుంది. ఈ మధ్య మన సభల్లో, మన పిల్లలు రాసే ప్రాజెక్టుల్లో, మన రచయితలు మన తిండి గురించి రాసే పేరాల్లో కూడా వచ్చి కూర్చుంది. ఇప్పపువ్వు, చోడి అంబలి, నేరేడు, ఉసిరి, కరక్కాయ, అరకు కాఫీ, దేని గురించి మొదలుపెట్టినా చివరికి ఈ వాక్యం దగ్గరికే చేరుతున్నాం.

ఇన్ని చోట్ల కనిపించే వాక్యాన్ని ఒకసారి ఆగి చదవాలి. అందులో 'పుష్కలంగా' అని ఎవరు కొలిచారు? దేనితో పోల్చి అన్నారు? తిన్న మనిషికి దాని వల్ల ఏం జరిగింది? ఈ మూడింటికీ ఆ వాక్యంలో జవాబు ఉండదు. అయినా చదివినవాళ్లకు ఏదో మేలు జరిగిపోయినట్టే ఉంటుంది. మన తిండిని ఇన్నాళ్లూ చిన్నచూపు చూసిన లోకం ఇప్పుడు మెచ్చుకుంటోందని మనకూ ఊరటగానే ఉంటుంది. ఆ ఊరట వెనక మన పిల్లలకు కావలసిన కొన్ని నిజాలు మరుగున పడుతున్నాయన్నదే మా అభ్యంతరం.

మాట ఎక్కడిది

మొదట్లో ఈ మాట తిండికి సంబంధించింది కాదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి రబ్బరు పెళుసెక్కకుండా, నూనె ముక్కిపోకుండా కలిపే పదార్థాలను రసాయన శాస్త్రంలో యాంటీ ఆక్సిడెంట్లు అన్నారు. మన పదో తరగతి పిల్లలకు ఇప్పటికీ ఈ మాట ఎదురయ్యేది నూనె పదార్థాలు ముక్కిపోవడం గురించిన పాఠంలోనే. అక్కడ ఇచ్చే ఉదాహరణ చిప్స్ ప్యాకెట్‌లో నింపే నైట్రోజన్ వాయువు. పాఠం సరైనదే. కానీ కోసిన వంకాయ ముక్క నల్లబడటం, అందుకే మన ఇళ్లలో ఆ ముక్కల్ని ఉప్పు నీళ్లలో వేయడం చిప్స్ ప్యాకెట్ కన్నా మన పిల్లలకు దగ్గరి ఉదాహరణలు. వంకాయలో ఉన్న పాలీఫినాల్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిస్తేనే ఆ నలుపు వస్తుంది. ఆరోగ్య పేజీలు పొగిడే యాంటీ ఆక్సిడెంట్లలో అదీ ఒకటి.

తిండిలోకి ఈ మాట ఎలా వచ్చింది? 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్హమ్ హార్మన్ ఒక ప్రతిపాదన చేశాడు. మన శరీరం ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన కణాలు పుడతాయని, అవి జీవకణాలను దెబ్బతీయడమే ముసలితనానికి మూలమని ఆయన అన్నాడు. శాస్త్రంలో అది ఆలోచించదగిన ప్రతిపాదన. బజారుకు చేరేసరికి అది కథ అయింది. ఫ్రీ రాడికల్ రాక్షసుడు, యాంటీ ఆక్సిడెంట్ రాముడు. అంత తేలికైన కథ అయితే అమ్మడం కూడా తేలికే.

నిజానికి ఆ 'రాక్షసుణ్ణి' మన శరీరమే కావాలని తయారు చేసుకుంటుంది కూడా. రక్తంలోని తెల్ల కణాలు సూక్ష్మక్రిములను చంపేది ఇలాంటి చురుకైన కణాలతోనే. వాటిని అదుపులో ఉంచడానికి కావలసిన ఎంజైములను, గ్లూటాథయోన్ లాంటి పదార్థాలను కూడా శరీరమే తయారు చేసుకుంటుంది. అంటే బయటి నుంచి యాంటీ ఆక్సిడెంట్ ఎంత పోస్తే అంత మంచిది అనడానికి వీల్లేదు.

చెట్టు వేసుకున్న కంచె

మొక్కల్లోని యాంటీ ఆక్సిడెంట్లలో సి విటమిన్, ఇ విటమిన్, కెరోటిన్లు ఉన్నాయి. వాటికన్నా పెద్ద కుటుంబం పాలీఫినాల్స్‌ది. వేల రకాలు. నేరేడు పండుకు ఊదా రంగు ఇచ్చే ఆంథోసయనిన్లు, టీ ఆకులోని కాటెకిన్లు, కాఫీ గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు, కరక్కాయలో, పచ్చి తునికికాయలో, రాగి గింజ పొట్టులో ఉండే టానిన్లు అన్నీ ఈ కుటుంబమే.

పేర్లు కొత్తవి. రుచి మనకు పాతదే. దాన్ని వగరు అంటాం. పచ్చి తునికికాయ కొరికితే నోరు పట్టేస్తుంది కదా, అక్కడ జరిగేది ఇది: టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని గడ్డకట్టిస్తాయి. నోట్లో జారుడు పోయి నాలుక గరుకుగా అనిపిస్తుంది. ఆకును కొరికే పురుగు కడుపులోనూ ఇలాంటి ఇబ్బందే. మొక్క ఈ పదార్థాలను తయారు చేసుకునేది మన గుండె కోసం కాదు, మన చర్మపు నిగారింపు కోసం కాదు. పురుగు నుంచి, బూజు నుంచి, మండే ఎండ నుంచి తనను కాపాడుకోవడానికి. వగరు చెట్టు తన చుట్టూ వేసుకున్న కంచె. విత్తనం ముదిరాక, పిట్టా మనిషీ వచ్చి తిని గింజను దూరంగా పడేయాల్సిన కాలానికి కంచె తడిక తీస్తుంది. వగరు తగ్గుతుంది, తీపి వస్తుంది, రంగు వస్తుంది.

కాబట్టి ఏ పండు ఎప్పుడు కోయాలి, ఏ దుంపను ఎన్ని నీళ్లు మార్చి ఉడికించాలి, ఏ కాయను ఎండబెట్టాలి, దేన్ని ఊరవేయాలి అన్న మన పెద్దల జ్ఞానంలో సగం ఈ వగరు, చేదులతో చేసిన బేరసారాలే. ఎంత ఉంచాలి, ఎంత తీసేయాలి అన్న తూకం అది. 'పుష్కలంగా' అన్న మాటలో ఆ తూకం లేదు.

సీసాలో లెక్క, ఒంట్లో లెక్క

ఒక పండు రసాన్ని గాజు గొట్టంలో పోసి, అది ఎన్ని ఫ్రీ రాడికల్స్‌ను అణచగలదో కొలవవచ్చు. అలా కొలిచిన అంకెలతో అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు పెద్ద పట్టిక ప్రచురించింది. దాన్ని ఓఆర్‌ఏసీ పట్టిక అనేవారు. కంపెనీలు ఆ అంకెలను ప్యాకెట్ల మీద అచ్చు వేసుకున్నాయి. మా పండు అంకె మీ పండు అంకె కన్నా ఎక్కువ అని పోటీ పడ్డాయి. 2012లో ఆ శాఖే ఆ పట్టికను తీసేసింది. గాజు గొట్టంలోని అంకెకు మనిషి ఆరోగ్యంతో సంబంధం ఉన్నట్టు తేలలేదని, ఆ అంకెలను అమ్మకాలకు దుర్వినియోగం చేస్తున్నారని చెప్పింది. పట్టిక పోయింది. దాని భాష మాత్రం ఇప్పటికీ మన దాకా ప్రయాణం చేస్తూనే ఉంది.

గొట్టంలో పనిచేసింది ఒంట్లో ఎందుకు పని చేయదు? తిన్న పాలీఫినాల్స్‌లో రక్తంలోకి చేరేది కొద్ది భాగమే. చేరిన దాన్ని కూడా కాలేయం, పేగులోని సూక్ష్మజీవులు వేరే రూపాల్లోకి మార్చేస్తాయి. చాలా మటుకు కొన్ని గంటల్లో మూత్రంలో బయటికి పోతుంది. పండ్లు, కూరగాయలు, పప్పులు బాగా తినేవాళ్లకు గుండె జబ్బులు తక్కువ అన్నది నిజమే. కానీ ఆ మేలు మొత్తాన్ని ఒక పదార్థం ఖాతాలో వేయడం కుదరదు.

వేసి చూసినవాళ్లు ఉన్నారు. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు కొన్నేళ్ల పాటు మాత్రలు ఇచ్చి చూశారు. కొందరికి క్యారెట్, ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్ మాత్రలు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని అంతా అనుకున్నారు. 1994లో ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో 18,314 మందితో ఇలాంటిదే ఇంకో అధ్యయనం మొదలుపెట్టి, హాని కనిపించడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. ఆకుకూర మంచిదే, క్యారెట్ మంచిదే. వాటి నుంచి తీసిన ఒక పదార్థం మాత్రగా మారి, పెద్ద మోతాదులో, పొగ బట్టిన ఊపిరితిత్తుల్లోకి వెళ్లినప్పుడు హాని చేసింది. తిండి వేరు, తిండిలోంచి పిండిన సరుకు వేరు.

కరక్కాయ చెప్పే పాఠం

కరక్కాయ మనవాళ్లు అడవిలో ఏరి అమ్మే సరుకు. అది మందులకే కాదు, అద్దకానికీ పోతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బట్టను ముందు కరక్కాయ రసం, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో ఊరవేసి తీసిన ద్రావణంలో కలం ముంచి ఆ బట్ట మీద గీస్తారు. గీత నల్లగా తేలుతుంది, ఉతికినా పోదు. నలుపు రంగు వాళ్లు కలపలేదు. కరక్కాయలోని టానిన్, తుప్పులోని ఇనుము ఒకదాన్నొకటి పట్టుకుంటే పుట్టిన నలుపు అది. ఉసిరికాయను ఇనుప కత్తితో కోస్తే అంచు నల్లబడేదీ ఇందుకే.

ఇప్పుడు అదే సంగతి కడుపులో జరిగితే? మనం తిన్న ఆకుకూరలో, పప్పులో, రాగిలో ఇనుము ఉంటుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే టీలోని టానిన్లు ఆ ఇనుమును పట్టుకుంటాయి. పట్టుబడిన ఇనుము రక్తంలోకి వెళ్లదు, వచ్చిన దారినే పోతుంది. భోజనంతో పాటు టీ తాగితే అలాంటి తిండిలోని ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గుతుందని కొలిచి చూసినవాళ్లు చెప్పారు. పాలు కలిపినా ఇది పెద్దగా మారదు. కాఫీ కూడా కొంత తక్కువగా ఇదే పని చేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి ముందు, తర్వాత కనీసం గంట సేపు టీ, కాఫీలు వద్దని చెప్పడానికి కారణం ఇదే.

ఆరోగ్య పేజీలో టీ గురించి వచ్చే వాక్యం యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం అంటుంది. అదే పదార్థం, అదే టానిన్ కుటుంబం, మన ఊరి ఆడపిల్ల ఒంట్లోకి ఇనుము పోకుండా అడ్డుపడుతోందని చెప్పదు. ఆ పేజీ రాసింది కడుపు నిండా రకరకాలుగా తినే వాళ్ల కోసం. వాళ్లకు ఆ నష్టం పెద్దది కాకపోవచ్చు. మన దగ్గర లెక్క వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దేశం మొత్తం మీద చూస్తే ఆదివాసీ స్త్రీలలో అది మిగతావాళ్ల కన్నా ఎక్కువ. మలేరియా, కొంకి పురుగులు, సికిల్ సెల్ జబ్బు కూడా రక్తహీనత తెస్తాయి. అన్నిటికీ టీని నిందించలేం. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు ఐరన్ మాత్ర సంగతి డాక్టరే చెప్పాలి. కానీ చేతిలో ఉన్న కాస్త ఇనుమును కూడా పోగొట్టుకోవడం ఎందుకు? వారానికోసారి బడిలో ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్రను టీతో మింగిస్తే, ఆ మాత్రలో కొంత భాగం కలంకారీ గీతలాగే కడుపులో వృథాగా నల్లబడుతుంది.

టెంక పిండి

ఇంకో ఉదాహరణ మామిడి టెంక. వానాకాలంలో గింజలు అయిపోయిన రోజుల్లో మన్యంలో చాలా తెగల వాళ్లు మామిడి టెంకలు పగలగొట్టి లోపలి జీడిని తినేవారు. నేరుగా కాదు. ఎండబెట్టి, దంచి, మూటగట్టి వాగులోనో గెడ్డలోనో పారే నీటిలో నానబెట్టి, వగరు పోయిందని నాలుకతో తేల్చుకున్నాకే అంబలి కాచేవారు. నీళ్లతో పోయే ఆ వగరు టానిన్లే. పాలీఫినాల్సే.

ఇవాళ మామిడి టెంక మీద పరిశోధనలు చాలా జరుగుతున్నాయి. పండ్ల రసాల ఫ్యాక్టరీల్లో గుట్టలుగా మిగిలే టెంకల నుంచి పాలీఫినాల్స్ తీసి నూనెల్లో, తినుబండారాల్లో కలపవచ్చంటున్నారు. నూనె ముక్కిపోకుండా ఆపడానికి అది నిజంగానే పనికొస్తుంది. మన పెద్దలు వాగులో కలిపేసినదాన్నే వాళ్లు పోగు చేసుకుంటున్నారు. ఇద్దరూ సరైన పనే చేశారు. వాళ్లకు కావలసింది చెడిపోని నూనె. మనవాళ్లకు కావలసింది పిల్లల కడుపులో అరిగే పిండి.

మన పార్వతీపురం మన్యం జిల్లా సరిహద్దు దాటితే ఒడిశాలోని రాయగడ జిల్లా. అక్కడి కాశీపూర్ ప్రాంతంలో 2001లో మామిడి టెంక అంబలి తాగిన ఆదివాసులు పలువురు చనిపోయారు. పాడైన టెంక పిండి తిని చనిపోయారని ప్రభుత్వం అంది. టెంక పిండి తప్ప ఇంట్లో ఇంకేం లేదు గనుక చనిపోయారని జనం అన్నారు. ఈ సంగతి తెలిసినవాళ్లెవరూ "టెంకలో యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం" అన్న వాక్యాన్ని తేలిగ్గా రాయలేరు. ఒకే గింజ ఒకచోట ఆకలి తిండి, ఇంకోచోట ఆరోగ్య సరుకు. గింజ మారలేదు. తినేవాళ్ల పళ్లెంలో ఇంకేం ఉంది అన్నదే మారింది.

తిండికి తోడు

మన తిండి గొప్పతనం గురించి మాట్లాడొద్దని మేం అనడం లేదు. సరైన చోట వెతకమంటున్నాం. చోడి అంబలినే తీసుకుందాం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల ఆహార పదార్థాలను కొలిచి అచ్చు వేసిన పట్టికల్లో వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములని ఉంది. తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాముల లోపే. ఇనుము రాగుల్లో 4.6 మిల్లీగ్రాములు. ఇది గట్టి లెక్క. తెల్ల బియ్యం తింటేనే నాగరికత అని మన పిల్లలకు నేర్పినవాళ్లకు ఇదే జవాబు చాలు. యాంటీ ఆక్సిడెంట్ సాక్ష్యం అక్కర్లేదు.

అయితే రాగి పొట్టులోని టానిన్లు, ఫైటేట్లు ఆ ఇనుమును పట్టి ఉంచుతాయి. మన ఇళ్లలో రాగి పిండిని రాత్రంతా పులియబెట్టడం, కొన్ని చోట్ల గింజను మొలకెత్తించి ఎండబెట్టి విసరడం ఆ పట్టును సడలిస్తాయి. అంబలి పక్కన పుల్లనిది ఏదో ఒకటి పెట్టుకోవడం దాన్ని ఇంకా సడలిస్తుంది. పచ్చి మామిడికాయ, ఉసిరికాయ, జామకాయ, నిమ్మకాయల్లోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. ఎండు చేపో, నత్తో, మాంసం ముక్కో ఉంటే ఇంకా మంచిది. మాంసంలోని ఇనుమును టానిన్లు అంతగా అడ్డుకోలేవు. ఉసిరికాయలో టానిన్లూ ఉన్నాయి, వంద గ్రాములకు వందల మిల్లీగ్రాముల సి విటమిన్ కూడా ఉంది. పట్టేదీ అందులోనే, విడిపించేదీ అందులోనే. తిండిని ఒక్కో పదార్థంగా విడదీసి చూస్తే ఈ తోడు కనిపించదు. పళ్లెంగా చూస్తేనే కనిపిస్తుంది.

ఇప్పపువ్వు సంగతీ అంతే. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. అంటే అది ముందుగా బలం ఇచ్చే తిండి. పని చేసే ఒంటికి, బాలింతకు, ఎదిగే పిల్లకు పనికొచ్చేది ఆ బలమే. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘంగా కూడి ఇప్పపువ్వుకు పల్లీలు, నువ్వులు, బెల్లం లాంటివి కలిపి లడ్డూలు చేస్తున్నారు. ఆ లడ్డూ విలువ కూడా ఆ తోడులోనే ఉంది. పువ్వులో బలం, పల్లీల్లో ప్రొటీన్, నువ్వుల్లో కొవ్వు, కాల్షియం. ఆ లడ్డూను మెచ్చుకోవాలంటే ఈ మాటలు సరిపోతాయి. 'యాంటీ ఆక్సిడెంట్ లడ్డూ' అన్నామంటే చక్కెర జబ్బు ఉన్న ఇంటి పెద్దాయన కూడా మందనుకుని నాలుగు తినేస్తాడు.

వాక్యం దాచేది

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన్యం పొలాల్లో పండిన కాఫీ పారిస్ దాకా వెళ్లింది. అది మన రైతుల కష్టానికి దక్కిన గౌరవం. కాఫీలో పాలీఫినాల్స్ ఉన్న మాట నిజం. పాశ్చాత్య దేశాల్లో చాలామందికి పాలీఫినాల్స్ ఎక్కువగా అందేది కాఫీ, టీల నుంచే. అవి అన్నిటికన్నా శ్రేష్ఠమైనవి కావడం వల్ల కాదు, వాళ్లు రోజుకు అన్ని కప్పులు తాగడం వల్ల. ఈ మాట చెప్పకుండా కాఫీని మందులా అమ్మితే లాభం ఎవరిదో ఆలోచించాలి. గింజకు దక్కే ధర, ఎండబెట్టే వసతి, దళారి తూకం, ఇవి రైతు ఇంటి పిల్ల పళ్లెంలో ఏం పడుతుందో తేలుస్తాయి. క్లోరోజెనిక్ ఆమ్లం తేల్చదు.

అలాగే 'అడవి తిండి' అని రాసే వాక్యంలో అడవి ఎవరిదన్న ప్రశ్న ఉండదు. ఇప్పపువ్వు, ఉసిరి, కరక్కాయ, తేనె లాంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. చెట్టు నరికేశాక, కొండ మీద ఒకే రకం మొక్కల తోట వేశాక, నేరేడు గురించి ఎంత గొప్పగా రాసినా పిల్లవాడి నోరు ఊదా రంగు కాదు. ఒకప్పుడు మన తిండిని ఆటవికం అన్నారు. ఇప్పుడు అమృతం అంటున్నారు. రెండు మాటల్లోనూ ఆ తిండి వండే మనిషి లేదు. ఆమె నీళ్లు ఎన్నిసార్లు మార్చిందో, ఎందుకు మార్చిందో లేదు. మన రచయితలు పూనుకోవాల్సింది అక్కడ. మన తిండి గురించి మనం రాసేటప్పుడు పట్నం పేజీ నుంచి విశేషణం అరువు తెచ్చుకోవడం కన్నా, వండే పద్ధతిని అరటిపండు ఒలిచినట్టు రాస్తే ఎక్కువ మేలు.

బడిలో ఏం చేయవచ్చు

ఉపాధ్యాయ మిత్రులకు ఖర్చు లేని రెండు పనులు చెబుతాం. ఒక గ్లాసులో పాలు లేని చిక్కటి టీ డికాషన్ తీసుకోండి. తుప్పు పట్టిన మేకులను రెండు రోజులు నిమ్మరసంలో నానబెట్టిన నీటిని అందులో కొద్ది కొద్దిగా పోయండి. పిల్లల కళ్ల ముందే డికాషన్ నల్ల సిరాగా మారుతుంది. ఆ నీళ్లు ఎవరూ తాగకుండా చూడండి. భోజనంతో టీ ఎందుకు వద్దో చెప్పడానికి ఇక ఉపన్యాసం అక్కర్లేదు. రెండోది, పిల్లల్ని తమ ఇంటి అవ్వ దగ్గరికి పంపండి. వగరు, చేదు తీయడానికి ఏం చేస్తారో, ఏ తిండి పక్కన ఏది పెడతారో అడిగి తమ భాషలో రాసుకు రమ్మనండి. గోండి, కోయ, సవర, కువి, కొలామి, ఏ భాషలో వగరుకు ఏ మాట ఉందో కూడా రాయమనండి. పదో తరగతి రసాయన పాఠానికి అది మంచి అనుబంధం అవుతుంది.

బడిలో రాగి జావ ఇచ్చే రోజు ఒక జామ ముక్కో, పిల్లలు తెచ్చిన ఉసిరికాయో పక్కన ఉండేలా చూడవచ్చు. ఐరన్ మాత్ర రోజున టీ గంట వెనక్కి జరపవచ్చు. ఆశ్రమ పాఠశాలలో వార్డెన్‌తో ఒక్క మాట మాట్లాడితే అయ్యే పనులివి.

యువతకు ఒక మాట. ఇక మీదట ఏ ప్యాకెట్ మీదైనా, ఏ వీడియోలోనైనా ఈ వాక్యం కనిపిస్తే అయిదు ప్రశ్నలు వేయండి. ఎంత ఉందని కొలిచారు? గొట్టంలో కొలిచారా, మనిషిలో చూశారా? ఎంత తింటే, ఎన్నాళ్లు తింటే? దేనితో కలిపి తింటే? ఈ మాట వల్ల డబ్బు ఎవరికి పోతుంది? అయిదింటికీ జవాబు దొరికితే ఆ వాక్యాన్ని నమ్మవచ్చు, మన పుస్తకాల్లో కూడా రాసుకోవచ్చు. దొరక్కపోతే దాన్ని ప్యాకెట్ మీదే వదిలేసి, అంబలిలోకి నిమ్మకాయ పిండుకుని తాగుదాం.